సర్వర్‌లో అప్‌డేట్ అయింది, గోడౌన్ సిస్టం మాత్రం పాతదే. మీ దగ్గర ఎలా చేస్తున్నారు?

పొగతోట బిల్లింగ్ (నెల్లూరు):

అందరికీ నమస్కారం. నేను నెల్లూరులో ఒక మందుల హోల్‌సేల్ ఏజెన్సీలో పని చేస్తున్నాను. 2014లో బిల్లింగ్‌కని చేరాను. చదివింది బీకాం, కంప్యూటర్ కోర్సులేవీ చెయ్యలేదు. చేరిన కొత్తలో ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం చిరగకుండా లాగాను. అంతే, "సిస్టం మొరాయిస్తే ఆమెనడగండి" అనే ఉద్యోగం కూడా ఆ రోజే నా మెడకు పడింది. దానికి జీతం వేరే లేదు లెండి.

మా దగ్గర మొత్తం ఎనిమిది సిస్టంలు. ఒకటి సర్వర్. సర్వర్ అని మేం పిలుచుకోవడమే, అదీ మామూలు సీపీయూనే, యూపీఎస్ మాత్రం పెద్దది. బిల్లింగ్ కౌంటర్లు నాలుగు, కొనుగోళ్ల ఎంట్రీకి ఒకటి, పెద్దాయన గదిలో లాప్‌టాప్, సందుకు అవతల గోడౌన్‌లో ఒకటి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ సర్వర్‌లో ఒక ఫోల్డర్‌లో ఉంటుంది. ఆ ఫోల్డర్‌ను షేర్ చేసి మిగతా వాటిలో జెడ్ డ్రైవ్‌గా పెట్టారు. డెస్క్‌టాప్ మీద ఐకాన్ నొక్కితే అక్కణ్ణుంచే తెరుచుకుంటుంది. నాకు తెలిసింది అంతే. ఉన్నది కూడా అంతే అనుకున్నాను.

2025 సెప్టెంబర్ 22 గుర్తుందిగా, జీఎస్‌టీ మారిన రోజు. 12 శాతం ఉన్న మందులు 5కి దిగాయి. ప్రాణాలు నిలిపే మందులు 33 రకాలకు పూర్తిగా తీసేశారు. జీఎస్‌టీ కౌన్సిల్ చెప్పింది 3వ తేదీన, అమలు సోమవారం నుంచి. మాకు అప్‌డేట్ ఫైలు వచ్చింది శనివారం సాయంత్రం. ఆదివారం కూర్చుని వేసేద్దామంటే పెద్దాయన "మహాలయ అమావాస్య, ఇవాళ కొత్త పని ముట్టుకోవద్దు" అన్నారు. "సార్, ఇది కొత్త పని కాదు, పాత సాఫ్ట్‌వేరే" అని ఒప్పించేసరికి సాయంత్రం నాలుగైంది.

సపోర్ట్ అబ్బాయి ఫోన్‌లో చెప్పింది మూడు ముక్కలు. అందర్నీ సాఫ్ట్‌వేర్ లోంచి బయటికి రమ్మనండి. సర్వర్‌లో అప్‌డేట్ నడపండి. తర్వాత ఒక్కో సిస్టం దగ్గరికీ వెళ్లి "క్లయింట్ సెటప్" అనేది నడపండి (సర్వర్ కాక మిగతా సిస్టంలన్నీ క్లయింట్లేనట). మొదటి రెండూ అయిపోయాయి. మూడోది కౌంటర్లలో, కొనుగోళ్ల దగ్గర, లాప్‌టాప్‌లో చేశాను. గోడౌన్‌కు తాళం. తాళం చెవి ఉన్నాయన తర్పణాలకని ఊరికి పోయాడు. రాత్రి తొమ్మిది దాటింది, పొద్దున రాగానే చేద్దాంలే అని ఇంటికొచ్చేశాను. అక్కడ చేసినాను తప్పు.

సోమవారం నేను పది గంటలకు వెళ్లేసరికి గోడౌన్ అబ్బాయి ఏడున్నరకే సిస్టం తెరిచి బిల్లులు కొట్టేస్తున్నాడు. ఉదయగిరి, ఆత్మకూరు పార్సిళ్లు బస్సుకు ఎక్కించాలి కదా, వాణ్ణి తప్పుపట్టలేం. మొత్తం 37 బిల్లులు. లెక్క సరిగ్గానే పడింది, ఎందుకంటే రేట్లు సర్వర్‌లో ఉన్న డేటాలోంచి వస్తాయి. కానీ బిల్లు ముద్రించే ఫార్మాట్ మాత్రం ఆ సిస్టంలోనే, సీ డ్రైవ్‌లో ఉందట! దాంట్లో పై గడిలో "సీజీఎస్‌టీ 6, ఎస్‌జీఎస్‌టీ 6" అని, అంటే పాత 12 శాతమే, ఎవరో టైపు చేసి పెట్టారు, ఎప్పుడో. కింద అంకెలేమో రెండున్నర, రెండున్నర ప్రకారం. ఆత్మకూరు నుంచి ఒక షాపాయన ఫోన్ చేసి, "అమ్మా, ఆరు అని రాసి రెండున్నర కట్టుకున్నారు, నేను తలను నమ్మాలా తోకను నమ్మాలా" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

37 బిల్లులూ మళ్లీ ముద్రించి వ్యాన్ అబ్బాయిలకిచ్చి పంపాం. అప్పటికే నలుగురైదుగురు తమ కొనుగోళ్లలో 12 అని ఎక్కించేసుకున్నారు. మేం రిటర్న్‌లో చూపించేది 5, వాళ్లు రాసుకున్నది 12. ఆ తేడా సరిచేయించడానికి అక్టోబర్ అంతా ఫోన్లే.

విషయం తర్వాత తేలింది. గోడౌన్‌కు వైఫై మీద నెట్‌వర్క్, బాగా నెమ్మది. 2019లో ఒక సర్వీస్ అబ్బాయి "ఇట్లా అయితే స్పీడ్‌గా వస్తుంది" అని ప్రోగ్రాం మొత్తం ఆ సిస్టం లోపలికి కాపీ కొట్టి, డేటా మాత్రం సర్వర్‌కు కలిపి వెళ్లాడట. ఐకాన్ చూడ్డానికి అన్నిట్లో ఒకటే. ఆరేళ్లుగా అది వేరే దారిలో నడుస్తోందని మాకెవరికీ తెలియదు.

ఇప్పుడు మళ్లీ పెద్ద అప్‌డేట్ వస్తోంది, ఈసారి డేటా కూడా మారుతుందట. "ఒకసారి కొత్తదాంతో తెరిస్తే పాతదాంతో తెరుచుకోదు" అని ముందే చెప్పారు. నాకు ఇప్పటినుంచే టెన్షన్. అడగాలనుకున్నవి ఇవి. ఎనిమిదింటికీ ఒక్కచోట కూర్చుని వేసే దారి ఉందా? ఏ సిస్టం కొత్తదో ఏది పాతదో ఎలా తెలుసుకోవాలి? విండోస్ అప్‌డేట్లు కూడా మధ్యలో వచ్చి బిల్లింగ్ టైములో రీస్టార్ట్ అడుగుతున్నాయి, వాటిని ఆపేయొచ్చా? ఇంకొకటి. అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిందని కౌంటర్లలో రెండు కొత్త సిస్టంలు కొన్నాం, విండోస్ 11వి. వాటిలో జెడ్ డ్రైవ్ తెరుచుకోవడం లేదు. "మీ సంస్థ భద్రతా విధానాలు గెస్ట్‌గా రావడాన్ని అడ్డుకుంటున్నాయి" అని అర్థం వచ్చేట్టు ఇంగ్లిష్‌లో ఏదో చెబుతోంది. మా సంస్థంటే మా పెద్దాయనే. ఆయన అమావాస్య గురించి తప్ప ఏ విధానమూ పెట్టలేదు.


ల్యాబ్ మాస్టారు (కావలి):

అమ్మా, మీరు రాసింది చదువుతుంటే నాకు 2004 గుర్తొచ్చింది. అప్పుడు నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో ప్రోగ్రామర్‌ను. నలభై సిస్టంలు, సీడీ ఒక్కటి. అన్నిటికీ తిరిగి సీడీ పెట్టే ఓపిక లేక ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌ను సర్వర్‌లో "అడ్మిన్ ఇన్‌స్టాల్" పద్ధతిలో పెట్టాం. అంటే సెటప్‌ను స్లాష్ ఎ అనే గుర్తుతో నడిపితే అది ప్రోగ్రాంను ఎక్కించదు, ఫైళ్లన్నీ విప్పి ఒక షేర్డ్ ఫోల్డర్‌లో పరుస్తుంది. నలభై సిస్టంలూ ఆ ఫోల్డర్ నుంచి ఎక్కించుకుంటాయి. వాడకం బాగానే ఉండేది. తర్వాత సర్వీస్ ప్యాక్, అంటే దిద్దుబాట్లన్నీ కలిపిన పెద్ద అప్‌డేట్, వచ్చింది, అక్కడే నాకు మీలాంటి పాఠమే పడింది.

సర్వర్‌లో ఉన్న ఆ ఫోల్డర్‌కు ప్యాచ్ వేశాను. ఫైళ్ల తేదీలు మారాయి, చూసి సంతోషపడ్డాను. సిస్టంలలో చూస్తే అంతా పాతదే. కారణం ఏమిటంటే, సిస్టంలో ఒకసారి ఎక్కించిన ప్రోగ్రాం ఆ సిస్టందే. సర్వర్‌లోని మూలం మారిందని దానికి ఎవరూ చెప్పరు, అదీ అడగదు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి. ఎక్కించేటప్పుడు విండోస్ తన దగ్గర ఆ సెటప్ ఫైలు నకలు ఒకటి దాచుకుంటుంది. తర్వాత ఎప్పుడో ఏదైనా భాగం కావలసి వస్తే ఆ నకలు ప్రకారం సర్వర్‌కు వెళ్లి వెతుకుతుంది. సర్వర్‌లో ఉన్నది కొత్తది, నకలు పాతది. రెండింటికీ పొంతన కుదరక తెల్లమొహం వేస్తుంది. మా ల్యాబులో సరిగ్గా ప్రాక్టికల్ పరీక్షల వారంలో వేసింది.

దానికి మందు ఏమిటంటే, ప్రతి సిస్టంలోనూ మళ్లీ ఎక్కించే ఆజ్ఞ ఇవ్వడం. ఆ ఆజ్ఞ చివర వి, ఓ, ఎం, యు, ఎస్ అని అయిదు అక్షరాలు ఉంటాయి, మేం "వోమస్" అనేవాళ్లం. వి అంటే నకలు పారేసి మూలం నుంచి కొత్త నకలు తెచ్చుకో అని. ఓ అంటే ఫైలు లేకపోయినా, పాతదైనా మార్చు అని. మిగతావి రిజిస్ట్రీకి (విండోస్ తన సెట్టింగులు రాసుకునే చిట్టా), షార్ట్‌కట్లకు. ఆ వి అక్షరం ఒక్కటి మర్చిపోయి ఇరవై సిస్టంలలో రెండుసార్లు పని చేసుకున్నాను. ఇరవై ఏళ్లయినా ఆ అక్షరం మీద కోపం పోలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీ సాఫ్ట్‌వేర్ వేరే అయినా సంగతి అదే. మీరు ముందు తేల్చుకోవలసింది ఒకటి: ప్రోగ్రాంలో ఏ ముక్క సర్వర్‌లో ఉంది, ఏ ముక్క సిస్టంలో ఉంది? సర్వర్ నుంచే నడిచేదైతే అక్కడ మారిస్తే చాలు, పొద్దున ఐకాన్ నొక్కినవాడికి కొత్తదే వస్తుంది. సిస్టంలో ఉన్న ముక్కకు, అది ప్రింట్ ఫార్మాట్ కానీ, రిపోర్టులకు కావలసిన ఫైళ్లు కానీ, మీరు నడిచి వెళ్లాలి. లేదా మీ బదులు నడిచే ఏర్పాటు చేయాలి. మీ సపోర్ట్ అబ్బాయి మూడో ముక్క అందుకే చెప్పాడు. పాపం, ఎందుకో మాత్రం చెప్పలేదు.

ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో "టార్గెట్" చూడండి. జెడ్ తో మొదలైతే సర్వర్‌ది, సీ తో మొదలైతే సిస్టంది. ఎనిమిదింటిలోనూ చూడండి. గోడౌన్ ఒక్కటే అని అనుకోవద్దు.


పొగతోట బిల్లింగ్:

మాస్టారూ, మీరు చెప్పగానే వెళ్లి చూశాను. పెద్దాయన లాప్‌టాప్ కూడా సీ తోనే మొదలవుతోంది! ఆయన ఇంటికి పట్టుకెళ్లి రాత్రిపూట స్టాక్ చూసుకుంటారు, అందుకని ఎవరో అట్లా పెట్టుంటారు. ఆ రోజు దాంట్లో క్లయింట్ సెటప్ నడిపాను కాబట్టి బతికిపోయాం.


మేఘాల్లో తేలేవాడు:

2025లో ఇంకా షేర్డ్ ఫోల్డర్ ఏంటండీ. క్లౌడ్‌కు మారిపోండి. బ్రౌజర్‌లో తెరిస్తే అప్‌డేట్ గొడవే ఉండదు.


పొగతోట బిల్లింగ్:

అన్నా, అడిగాను. ఏటా కట్టాల్సింది చెప్పగానే పెద్దాయన ఫ్యాన్ కేసి చూశారు. ఆ పైన వాయుగుండం పట్టిందంటే మా సందులో నెట్ రెండు రోజులు ఉండదు. నెట్ లేకపోయినా బిల్లు కొట్టాలి, ఆసుపత్రులకు మందు వెళ్లాలి. ఉన్నదాంట్లోనే దారి చెప్పండి.


చీమకుర్తి స్లాబ్ (ఒంగోలు):

అక్కా, నేను ఒంగోలు, చీమకుర్తి మధ్య గ్రానైట్ ఆఫీసులకు సిస్టం పని చేస్తుంటాను. రాతి దుమ్ములో కీబోర్డులు నాలుగు నెలలు ఉండవు కానీ సాఫ్ట్‌వేర్ కష్టాలు మీవీ మావీ ఒకటే. ఒక్కోటి చెబుతా.

ముందు గోడౌన్ సంగతి. వైఫై మీద ప్రోగ్రాం నెమ్మదిగా వస్తుందని లోపలికి కాపీ కొట్టడం పూర్తిగా తప్పు కాదు. తప్పల్లా ఆ కాపీని ఎవరూ తాజాగా ఉంచకపోవడం. దానికి చిన్న బ్యాచ్ ఫైలు, అంటే ఆజ్ఞలు వరసగా రాసిపెట్టే ఫైలు, చాలు. విండోస్‌లోనే ఫైళ్లు కాపీ చేసే ఆజ్ఞ రోబోకాపీ అని ఉంటుంది. బ్యాచ్ ఫైలులో రెండే లైన్లు: మొదటి లైను సర్వర్‌లోని ప్రోగ్రాం ఫోల్డర్‌ను సీ డ్రైవ్‌లోని ఫోల్డర్‌తో పోల్చి, తేడా ఉన్న ఫైళ్లను మాత్రమే దింపుతుంది. రెండో లైను ప్రోగ్రాంను తెరుస్తుంది. డెస్క్‌టాప్ ఐకాన్‌ను ఆ బ్యాచ్ ఫైలుకు మార్చేయండి. రోజూ పొద్దున అబ్బాయి ఐకాన్ నొక్కితే ముందు ఫైళ్లు సరిచూసుకుని తర్వాతే తెరుచుకుంటుంది. తేడా లేకపోతే రెండు మూడు సెకన్ల పని. మీ ప్రింట్ ఫార్మాట్లు కూడా సర్వర్‌లో ఒకచోట పెట్టి దాంట్లోనే కలపండి.

ఒక జాగ్రత్త. చాలామంది రోబోకాపీలో "పాతవి వదిలెయ్" అనే గుర్తు, అంటే స్లాష్ ఎక్స్ఓ, పెడతారు. మీరు పెట్టొద్దు. కొత్త వెర్షన్ ఏడిపించి మీరు సర్వర్‌లో పాతది తిరిగి పెట్టారనుకోండి, ఆ గుర్తు ఉంటే పాత ఫైలు క్లయింట్‌లోకి దిగదు. సర్వర్ పాతది, గోడౌన్ కొత్తది అవుతుంది, మళ్లీ మొదటికొస్తారు. ఇంకొకటి, రోబోకాపీతో డేటా ఫోల్డర్‌ను పొరపాటున కూడా ముట్టొద్దు. ప్రోగ్రాం ఫోల్డర్ వేరు, డేటా వేరు. రిజిస్ట్రీలో ఏదైనా రాసే అప్‌డేట్ అయితే కాపీతో పని కాదు, క్లయింట్ సెటప్ నడపాల్సిందే. అది మీ సపోర్ట్ వాళ్లనే అడగండి.

అప్‌డేట్ వేసే రోజు "అందరూ బయటికి రండి" అని కేకేస్తే రారు, అక్కా. ఎవరో ఒకరు స్క్రీన్ తెరిచే ఉంచి టీకి పోతారు. వాడి చేతిలో ఉన్న ఫైలు మారదు, మిగతావి మారతాయి. సగం కొత్తది సగం పాతది అయి కూర్చుంటుంది, అది అన్నిటికన్నా చెడ్డది. సర్వర్‌లో కంప్యూటర్ మేనేజ్‌మెంట్ తెరిచి, షేర్డ్ ఫోల్డర్స్ కింద "ఓపెన్ ఫైల్స్" చూడండి. ఎవరు ఏ ఫైలు పట్టుకునున్నారో పేరుతో కనిపిస్తుంది. అక్కణ్ణుంచే మూసేయొచ్చు, కానీ బిల్లు మధ్యలో ఉంటే డేటా దెబ్బతింటుంది. సీటు దగ్గరికి వెళ్లి మామూలుగా మూయించడమే మంచిది. జాబితా ఖాళీ అయ్యాక ఆ ఫోల్డర్‌కు షేరింగ్ తీసేయండి. ఇక మీరు మళ్లీ పెట్టేదాకా ఎవడూ దూరలేడు.

ఈసారి డేటా కూడా మారుతుందన్నారు కాబట్టి ఇది మరీ ముఖ్యం. మార్పు ఒక్క సిస్టం నుంచే జరగాలి, సర్వర్ దగ్గర కూర్చుని చేయండి. వైఫై మీద గోడౌన్ నుంచి మాత్రం కాదు. దానికి ముందు డేటా ఫోల్డర్ మొత్తం బయట హార్డ్ డిస్క్‌కు కాపీ. అందరూ బయటికొచ్చాకే కాపీ చేయాలి, తెరిచి ఉన్న డేటాను కాపీ చేస్తే అది నమ్మదగ్గది కాదు. కాపీ అయింది కదాని ఊరుకోవద్దు. ఎక్కడైనా విడిగా ఒక సిస్టంలో పాత ప్రోగ్రాంతో ఆ కాపీని తెరిచి నిన్నటి ఆఖరి బిల్లు కనిపిస్తోందా చూడండి. మా దగ్గర ఒక ఆఫీసులో మూడేళ్లుగా రోజూ బ్యాకప్ తీశారు. అవసరం పడి తెరిస్తే లోపల ఉన్నది షార్ట్‌కట్ ఐకాన్ ఒక్కటే. రోజూ ఐకాన్‌నే కాపీ కొట్టుకున్నారు, దేవుడా.

ఇక విండోస్ అప్‌డేట్లు. ఆపొద్దు. 2017 మే నెలలో వన్నాక్రై, అదే ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వైరస్, వచ్చినప్పుడు దానికి ప్యాచ్ మార్చిలోనే వచ్చేసింది. అప్‌డేట్ ఆపుకున్నవాళ్లే ఎక్కువగా దొరికిపోయారు, అది పాకింది కూడా ఈ ఫోల్డర్ షేరింగ్ దారిలోనే. ఆపడం కాదు, టైము మనం చెప్పాలి. సెట్టింగ్స్‌లో "యాక్టివ్ అవర్స్" అని ఉంటుంది, 18 గంటల దాకా పెట్టుకోవచ్చు. పొద్దున ఆరు నుంచి రాత్రి పదకొండు అని పెట్టండి, ఆ మధ్యలో తనంతట తాను రీస్టార్ట్ కాదు. నెలవారీ అప్‌డేట్లు నెలలో రెండో మంగళవారం వస్తాయి, అమెరికా లెక్కలో పొద్దున కాబట్టి మనకు మంగళవారం రాత్రి పదిన్నర దాటాక. నేనైతే ఆ బుధవారం ఎంట్రీ సిస్టం లాంటిది ఒకటి ముందు చేయించి, మూడు నాలుగు రోజులు బిల్లులు, ప్రింటర్ చూసి, ఆదివారం మిగతావి చేస్తాను. మిగతా వాటిని అప్పటిదాకా "పాజ్" లో ఉంచొచ్చు. "ఇతర పీసీల నుంచి డౌన్‌లోడ్" అనేదాన్ని లోకల్ నెట్‌వర్క్ వరకు ఆన్ చేస్తే ఒకటి దింపుకున్నది మిగతావి దాన్నుంచి తీసుకుంటాయి, నెట్ కలిసొస్తుంది. డబ్ల్యూఎస్‌యూఎస్ (విండోస్ అప్‌డేట్లను ఒకచోట దింపి ఆఫీసంతా పంచే మైక్రోసాఫ్ట్ ఏర్పాటు) పెట్టమని ఎవరైనా అంటే వినొద్దు, ఎనిమిది సిస్టంలకు అంత హంగు అక్కర్లేదు. దాన్ని ఇక పెంచబోమని 2024లో మైక్రోసాఫ్టే చెప్పేసింది.

ఆఖరిది మీ జెడ్ డ్రైవ్. విండోస్ 11 ప్రోలో 24హెచ్2 అనే వెర్షన్ నుంచి పాస్‌వర్డ్ లేని షేరింగ్‌ను, అంటే గెస్ట్‌గా రావడాన్ని, ఒప్పుకోదు. మీ సర్వర్‌లో "పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్" ఆఫ్ చేసి ఉంటారు, అంటే గేటు తెరిచి పెట్టినట్టు. అట్లాంటి ఇంటికి నేను వెళ్లనంటోంది కొత్త సిస్టం, దాని తప్పేం లేదు. నెట్‌లో వెతికితే రిజిస్ట్రీలో ఒక అంకె మార్చి గెస్ట్‌ను రానిమ్మంటారు, ఫోల్డర్ షేరింగ్‌కు పాతకాలపు పద్ధతి ఎస్‌ఎంబీ 1 ఆన్ చేయమంటారు. రెండూ చేయొద్దు. వన్నాక్రై దూరింది ఆ ఎస్‌ఎంబీ 1 లోంచే. సర్వర్‌లో బిల్లింగ్‌కని ఒక యూజర్, పాస్‌వర్డ్ తయారు చేసి, ఆ ఫోల్డర్‌కు అనుమతివ్వండి. పాస్‌వర్డ్ షేరింగ్ ఆన్ చేయండి. ప్రతి క్లయింట్‌లో జెడ్ డ్రైవ్ కలిపేటప్పుడు ఆ పేరు ఒకసారి కొట్టి గుర్తుంచుకోమనండి. కౌంటర్ అబ్బాయిలకు తెలియను కూడా తెలియదు. మీ సర్వర్ ఇంకా విండోస్ 10 అయితే దాన్ని కూడా మార్చాలి, అందరికంటే ముందు మార్చాల్సింది నిజానికి దాన్నే.


పొగతోట బిల్లింగ్:

తమ్ముడూ, చదవడానికే ఒక టీ అయిపోయింది. చాలా థాంక్స్. పాస్‌వర్డ్ సంగతి ఈ రోజే చేశాను, రెండు కొత్త సిస్టంలూ తెరుచుకున్నాయి. ఏ సిస్టం కొత్తదో తెలుసుకోవడం మాత్రం ఇంకా చెప్పలేదు మీరు.


చీమకుర్తి స్లాబ్:

అవునక్కా, మర్చిపోయా. ప్రతి ప్రోగ్రాంలో హెల్ప్ కింద "అబౌట్" లో వెర్షన్ నంబరు ఉంటుంది. పెద్ద ఆఫీసుల్లో దానికి వేరే సాఫ్ట్‌వేర్లు పెడతారు. మీ ఎనిమిదింటికి తెల్లకాగితం, పెన్ను చాలు.


పొగతోట బిల్లింగ్:

ఇచ్చిన సలహాలకు ఫలితం చెప్పాలి కదా, అందుకని రాస్తున్నాను. నవంబర్ 16 ఆదివారం అప్‌డేట్ పెట్టుకున్నాం. కార్తీక వనభోజనాలని ఆఫీసు మొత్తం మైపాడుకు వెళ్లింది. నేను, గోడౌన్ అబ్బాయి మాత్రం ఉండిపోయాం. వాడు తనంతట తనే ఉంటానన్నాడు, ఆ 37 బిల్లులు వాడికీ గుర్తున్నాయి. తాళం చెవి శనివారమే తీసి పెట్టుకున్నాను.

పొద్దున తొమ్మిదికి ఓపెన్ ఫైల్స్ తెరిస్తే ఆఫీసులో మేమిద్దరమే ఉన్నా జాబితాలో ఒక పేరుంది. మూడో కౌంటర్. వెళ్లి చూస్తే శనివారం రాత్రి మానిటర్ మాత్రం ఆపేసి ఇంటికి పోయాడు, సీపీయూ నడుస్తోంది, లోపల ఒక బిల్లు సగంలో ఉంది. అదేదో సేవ్ చేసి మూశాను. ఇది చూడకుండా మొదలుపెట్టి ఉంటే ఏమయ్యేదో.

షేరింగ్ తీసేశాను. బ్యాకప్ హార్డ్ డిస్క్‌కు కాపీ చేసి, మూలన పడి ఉన్న పాత కౌంటర్ సిస్టంలో తెరిచాను. శనివారం ఆఖరి బిల్లు కావలి షాపుది, కనిపించింది. అప్పుడు సర్వర్‌లో అప్‌డేట్ నొక్కాను. డేటా మారడానికి గంటా పది నిమిషాలు పట్టింది. మధ్యలో కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంటుంటే నేనూ ఆ అబ్బాయీ స్క్రీన్ మీద శాతం చూస్తూ నిలబడ్డాం, 71 దగ్గర ఎంతసేపు ఆగిందో. పావుగంటకు కరెంటొచ్చింది. ఈసారి డీజిల్ జనరేటర్ ముందే వేసి మొదలుపెడతాను, అది నా బుద్ధి తక్కువ.

తర్వాత షేరింగ్ మళ్లీ పెట్టి ఒక్కో సిస్టంలో క్లయింట్ సెటప్. ప్రతి మానిటర్ మీద ముందే ఎర్ర కాగితం అంటించాను. సెటప్ అయ్యి, అబౌట్‌లో నంబరు చూసి, ఒక నమూనా బిల్లు ముద్రించి, పై గడినీ కింది అంకెనూ సరిచూశాకే కాగితం పీకడం. నంబర్లు ఒక తెల్లకాగితం మీద రాసుకున్నాను. గోడౌన్‌లో బ్యాచ్ ఫైలు మీరు చెప్పినట్టే రాయించాను. మొదటిసారి అది డేటా ఫోల్డర్ వైపు చూపిస్తోందని నేనే కనిపెట్టాను తమ్ముడూ, మీరు హెచ్చరించారు కాబట్టి చూశాను. సరిచేసి నొక్కితే నల్ల తెర ఒకసారి మెరిసి ప్రోగ్రాం వచ్చేసింది. సాయంత్రం నాలుగుకల్లా ఏడు అయిపోయాయి.

ఎనిమిదోది లాప్‌టాప్. పెద్దాయన శనివారం ఇంటికి తీసుకెళ్లి, ఆదివారం మైపాడుకు కూడా పట్టుకెళ్లారట. ఫోన్ చేసి, "సార్, దాంట్లో బిల్లింగ్ తెరవొద్దు" అంటే, "సముద్రం దగ్గర బిల్లింగ్ ఎందుకు తెరుస్తానమ్మా, పాటలు వింటున్నాం" అన్నారు. సోమవారం పొద్దున ఆయన రాకముందే ఆయన టేబుల్ మీద ఎర్ర కాగితం పెట్టాను. లాప్‌టాప్ దించుతూ అది చూసి, "ఇదేంది, నాకు కూడా ఫైనా?" అన్నారు. కూర్చోబెట్టి పది నిమిషాల్లో వేసేశాను. ఎనిమిదీ ఒకటే నంబరు. ఆ కాగితం ఆయనే పీకి చెత్తబుట్టలో వేశారు.